నాన్నగారి నడుము మచ్చలకు ‘మైకోసిస్ ఫంగాయిడిస్’ అని రిపోర్టు వస్తే

ముందు మీరు ఆఖర్న అడిగినదానికి చెబుతాను. పొలం అమ్మకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇప్పుడు ఆ అవసరమే కనబడటం లేదు.

మీరు రాసింది ఇదీ: రాజాం దగ్గర పల్లె. నాన్నగారికి యాభై ఆరేళ్లు, వ్యవసాయం. ఐదేళ్లుగా నడుము చుట్టూ, పిరుదుల మీద, తొడల లోపలివైపు మచ్చలు. మొదట మందుల షాపు ట్యూబులు, తర్వాత తామర మాత్రలు. మధ్యలో ఒకరు సోరియాసిస్ అన్నారు, ఆశా కార్యకర్త పెద్దరోగమేమో, అంటే కుష్ఠేమోనని అనుమానపడింది. చివరికి విశాఖలో ముక్క తీసి పరీక్ష చేస్తే ‘మైకోసిస్ ఫంగాయిడిస్, ప్యాచ్ దశ’ (అంటే మచ్చలే తప్ప గడ్డలు లేని తొలి దశ) అని వచ్చింది. మేనమామగారు అది ఫంగసే అంటున్నారు. బావగారేమో వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లి కీమో ఎక్కించాలంటున్నారు. చెల్లెలి పెళ్లి మాటల్లో ఉంది. నాన్నగారు ఎన్నాళ్లుంటారు, మాకు అంటుతుందా, ఎకరం అమ్మాలా అని అడిగారు.

మీ ప్రాంతంలోనే చర్మవ్యాధుల ఓపీ చాలా ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి. ఈ జబ్బు అరుదే. అమెరికా లెక్కల్లో చర్మంలో పుట్టే టి-సెల్ లింఫోమాలు, అంటే టి-కణాల క్యాన్సర్లు, అన్నీ కలిపినా ఏడాదికి పది లక్షల మందిలో ఆరు నుంచి పదిమందికి కొత్తగా కనబడతాయి. వాటిలో సగానికి సగం మీ నాన్నగారికి వచ్చిన రకమే. నేను ఆయన ఒంటిని చూడలేదు, రిపోర్టూ చూడలేదు. ఆ రెండూ చూసిన డాక్టరు చెప్పేదానికీ నేను రాసినదానికీ తేడా వస్తే వాళ్ల మాటే తీసుకోండి.

ఇది క్యాన్సరే. ఆ మాట దాచి లాభం లేదు. రక్తంలో టి-కణాలని రోగనిరోధక కణాలుంటాయి. వాటిలో కొన్నిటికి చర్మానికి వెళ్లి కాపలా కాయడమే పని. అలాంటి కణం ఒకటి అదుపు తప్పి, తనలాంటివాటినే పుట్టించుకుంటూ చర్మం పైపొరలో చేరుతుంది. అందుకే ఇది లింఫోమా. ఫంగస్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. 1806లో పారిస్‌లో ఈ జబ్బును మొదట వర్ణించిన అలిబేర్ అనే వైద్యుడు, ముదిరిన రోగి ఒంటి మీది గడ్డలు పుట్టగొడుగుల్లా ఉన్నాయని తర్వాత ఆ పేరు పెట్టాడు, అదే ఉండిపోయింది. మేనమామగారికి ఈ ముక్క చెప్పి, ఇంట్లో మిగిలిన తామర మాత్రలు పక్కన పెట్టేయండి. వాటివల్ల కాలేయానికి శ్రమ తప్ప ఈ జబ్బుకు ఒరిగేదేమీ లేదు.

క్యాన్సరనగానే మన కళ్లముందు ఆరు నెలలు, ఏడాది అనే లెక్కలు తిరుగుతాయి. ప్యాచ్ దశలో ఉన్న ఈ జబ్బుకు ఆ లెక్క పనికిరాదు. లండన్ వైద్యులు పదిహేను వందల మందికి పైగా రోగుల్ని ఏళ్ల తరబడి గమనించి 2010లో వివరాలు ప్రచురించారు. మచ్చలు ఒంట్లో పదో వంతు లోపే ఉన్నవాళ్లలో ఐదేళ్ల తర్వాత నూటికి 94 మంది బతికి ఉన్నారు. పోయినవాళ్లలోనూ ఎక్కువమంది వేరే కారణాలతో పోయారు. అదే గడ్డలు లేచాక దొరికినవాళ్లలో ఆ సంఖ్య 47. కాబట్టి మీ నాన్నగారు ఏ దశలో ఉన్నారన్నదే అసలు ప్రశ్న. చాలామంది ఈ మచ్చలతోనే ముసలివాళ్లై, గుండెపోటుతోనో పక్షవాతంతోనో పోతారు.

ఐదేళ్లు ఎవరూ పట్టుకోలేకపోయారని మీరు కోపంగా రాశారు. కోపం న్యాయమే. కానీ విదేశాల్లోనూ మొదటి మచ్చ కనబడ్డాక జబ్బు పేరు తేలడానికి మూడేళ్లు పట్టడం మామూలే. మన దగ్గర ఇంకా ఆలస్యం కావడానికి కారణం మచ్చలు వచ్చే చోటు. ఎండ తగలని చోట్లంటే ఈ జబ్బుకు ఇష్టం: నడుము, పిరుదులు, గజ్జలు, తొడలు, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద. మన రైతులకు సరిగ్గా మొలతాడు, లుంగీ ముడి ఉండే చోటది. చెమట, బురద నీళ్లు, తడిబట్ట కలిసి ఉండే చోట మచ్చ వస్తే తామర కాక ఇంకేమంటారు? నూటికి తొంభైతొమ్మిది సార్లు తామరే అవుతుంది కూడా. పైగా ఈ మధ్య మందులకు లొంగని తామర దేశమంతా వ్యాపించింది. ఏళ్ల తరబడి తగ్గకపోయినా ‘మొండి తామర’ అని సరిపెట్టేసుకుంటున్నారు.

తామర అంచు ఎత్తుగా ఉంటుంది, మధ్యలో మానుతూ చుట్టూ పాకుతుంది, నెల తిరిగేసరికి జాగా మారుతుంది, రాత్రిళ్లు దురదతో నిద్రపట్టనివ్వదు, ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది. మైకోసిస్ ఫంగాయిడిస్ మచ్చ ఉన్నచోటే ఏళ్లకేళ్లు కూర్చుంటుంది. ఒక్కోటి అరచేయంత ఉండొచ్చు. పైన పల్చటి పొట్టు, దగ్గరగా చూస్తే సన్నగా ముడతలు పడ్డ కాగితంలాంటి చర్మం. పుస్తకాల్లో ఎర్రగా ఉంటుందని రాస్తారు గానీ మన నలుపు, చామనచాయ ఒళ్లమీద ఆ ఎరుపు తెలియదు. ముదురు గోధుమగానో, పాలిపోయిన తెలుపుగానో కనబడుతుంది. దురద కొందరికి బాగా ఉంటుంది, కొందరికి అసలుండదు. “దురదేటి నేదు బాబూ, అలాగే ఉండిపోనాది” అని ఎవరైనా అంటే నేను ఆ మచ్చను వదిలిపెట్టను.

పాలిపోయిన మచ్చల రకం మనలాంటి ముదురు రంగు చర్మంలో, అదీ చిన్న వయసువాళ్లలో ఎక్కువ. దాన్నే శోభి అనో, బొల్లి మొదలనో, కుష్ఠు అనో పొరబడతారు. ఆశా కార్యకర్తను తప్పుపట్టకండి. సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి దశాబ్దాలుగా కుష్ఠుకు వైద్యం చేస్తున్న ప్రాంతం మనది. తెల్లమచ్చ చూస్తే స్పర్శ పరీక్ష చేయించడం ఆమె విధి, చేయించింది. కుష్ఠు మచ్చల్లో చాలావాటికి స్పర్శ తగ్గుతుంది, నరం ఉబ్బుతుంది. ఈ లింఫోమా మచ్చకు దూది తగిలినా తెలుస్తుంది. పలాస జీడిపప్పు పనివాళ్ల చేతులకు జీడి నూనెతో వచ్చే ఎగ్జిమా కూడా మా దగ్గరకు చాలా వస్తుంది. అది నూనె తగిలిన వేళ్లకీ అరచేతులకీ వస్తుంది, బట్ట కప్పిన చోటుకు కాదు.

మందుల షాపు ట్యూబు సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. మీ నాన్నగారు వాడినవాటిలో ఎక్కువ భాగం స్టెరాయిడు, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ నాలుగూ కలిపిన క్రీములే అయి ఉంటాయి. 2018లో కేంద్రం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. ఊళ్లో ఎవరు అడుగుతున్నారు? అందులోని స్టెరాయిడు ఈ మచ్చను నెలరోజులు అణచిపెడుతుంది, ఆపగానే మళ్లీ వస్తుంది. అలా అణగారిన చర్మం నుంచి ముక్క తీస్తే మైక్రోస్కోపు కింద కూడా జబ్బు దాక్కుంటుంది. అందుకే ముక్క పరీక్షకు ముందు కనీసం రెండు మూడు వారాలు అన్ని పూతలూ ఆపమంటాం. మొదటి పరీక్షలో ఏమీ తేలక, ఏడాది తర్వాత రెండోదో మూడోదో చేస్తే బయటపడటం ఈ జబ్బులో కొత్త కాదు. మీకు ఇప్పటికే తేలింది, ఆ వరకు నయం.

ఇప్పుడు రిపోర్టు మళ్లీ తీసి చూడండి. టి-కణాలు చర్మం పైపొరలోకి ఎక్కాయని ‘ఎపిడెర్మోట్రోపిజం’ అనే మాట ఉంటుంది. సీడీ3, సీడీ4, సీడీ8, సీడీ7 అని కణాల రకం తేల్చే రంగుల పరీక్షలు ఉండాలి. అవి చేయకుండా ఒట్టి రూపం చూసి పేరు పెట్టి ఉంటే, అదే ముక్క మీద చేయించమని అడగండి. కొత్తగా కోయాల్సిన పని లేదు. భయపడాల్సిన మాటలు రెండు: ‘ఫాలిక్యులోట్రోపిక్’, ‘లార్జ్ సెల్ ట్రాన్స్‌ఫర్మేషన్’. మొదటిది వెంట్రుకల కుదుళ్లలోకి దిగే రకం. ముఖం, తల మీద ఎక్కువ వస్తుంది, కనుబొమలు ఊడతాయి, పైపూతలకు సరిగ్గా లొంగదు. రెండోదంటే కణాలు పెద్దవై జబ్బు దూకుడు పెంచిందని. ఈ రెండూ లేకపోతే సగం ఊపిరి పీల్చుకోవచ్చు.

దశ తేల్చడానికి మొదటి సాధనం నాన్నగారి అరచేయే. వేళ్లతో కలిపి ఆయన అరచేయి ఆయన ఒంట్లో దాదాపు నూటికి ఒక వంతు. మచ్చలన్నీ కలిపి పది అరచేతుల లోపు ఉంటే ఒక లెక్క, దాటితే ఇంకో లెక్క. డాక్టరు బట్టలన్నీ విప్పించి వీపు, చంకలు, గజ్జలు, అరికాళ్లు చూడాలి. మన పెద్దవాళ్లు సిగ్గుపడి “ఇక్కడొక్కటే బాబూ” అనేస్తారు, మీరు పక్కనుండి ఒప్పించండి. మెడ, చంక, గజ్జల్లో బిళ్లలు, అంటే ఉబ్బిన లింఫ్ గ్రంథులు, ఉన్నాయేమో తడిమి చూడాలి. రక్త కణాల లెక్క, కాలేయం, కిడ్నీ పరీక్షలు, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్ష చేస్తారు. మచ్చలు తక్కువగా ఉండి, బిళ్లలు తగలకపోతే సాధారణంగా ఒళ్లంతా వెతికే పెట్ స్కాన్ అవసరం పడదు. బావగారు ముందు దాని దగ్గరికే తీసుకెళ్తారు, చూడండి.

ఇక వైద్యం. వినగానే మీకు నవ్వొస్తుంది: మొదటి మందు క్లోబెటసాల్, అంటే షాపువాడిచ్చిన ట్యూబుల్లో ఉండే స్టెరాయిడే. తేడా వాడకంలో ఉంది. ఇప్పుడు వేరే మందులేవీ కలపని క్లోబెటసాల్, ఏ మచ్చకు ఎంత, ఎన్ని వారాలని లెక్కతో, మధ్యమధ్య డాక్టరు చూస్తూ. తొలి దశలో ఎక్కువమందికి దీంతోనే మచ్చలు గణనీయంగా తగ్గుతాయి. గజ్జల్లో మాత్రం చర్మం పల్చబడి చారలు పడతాయి, అక్కడ జాగ్రత్త.

మచ్చలు ఎక్కువ చోట్ల ఉంటే కాంతి చికిత్స. నారోబ్యాండ్ యూవీబీ అంటారు, 311 నానోమీటర్ల కిరణం. సోరియాసిస్‌కీ బొల్లికీ పెట్టే మిషనే. కళ్లకు అద్దాలు, మర్మాంగాలకు కప్పు పెట్టి నిలబెడతారు. మొదట కొన్ని సెకన్లే, తర్వాత పెంచుకుంటూ పోతారు. వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి. మన ప్రాంతంలో ఈ వైద్యం ఓడిపోయేది ఇక్కడే. కిరణం పనిచేయక కాదు, కోతల రోజుల్లో ఓసారి, చుట్టాలింట్లో పెళ్లికి ఓసారి బస్సెక్కడం మానేసి. మొదలుపెట్టేముందు శ్రీకాకుళం రిమ్స్, రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్, విశాఖ కేజీహెచ్ చర్మ విభాగాల్లో మీకు దగ్గరదానికి ఫోన్ చేసి, మిషను ఉందా, పనిచేస్తోందా, ఏ రోజుల్లో పెడతారో అడిగి వెళ్లండి. పంట పనులు చూసుకుని కుదిరే కాలంలోనే మొదలుపెట్టండి. ఈ జబ్బు ఒక నెల ఆగుతుంది. మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే మాత్రం చేసిందంతా వృథా.

“ఎలాగూ పొలంలో ఎండలోనే ఉంటారు కదా” అని అడగబోతారు. పొలం ఎండకు కొలత లేదు, పైగా మచ్చలున్న చోటుకు అది తగలనే తగలదు. చర్మాన్ని ఎండకు సున్నితం చేసే సోరలెన్ మాత్ర వేసుకుని ఎండలో నిలబడే పద్ధతి ఒకటుంది. మన మే నెల ఎండలో అది సొంతంగా చేస్తే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, కళ్లకూ ముప్పు. డాక్టరు చెప్పకుండా వద్దు.

మచ్చ తగ్గాక కూడా ఆ చోట నల్లటి గుర్తు నెలల తరబడి ఉండిపోతుంది. మన చర్మం తీరంతే. పొట్టు లేక, ముడతలు లేక, చేతికి నునుపుగా తగిలితే అది గుర్తే గానీ జబ్బు కాదు. దీన్ని చూసి వైద్యం పనిచేయలేదని డాక్టర్లను మార్చేసేవాళ్లు చాలామంది. ప్రతి రెండు నెలలకూ ఒకే గోడ దగ్గర, ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి. మాకు అంతకన్నా పనికొచ్చే రికార్డు ఉండదు.

పూతకూ కాంతికీ లొంగకపోతే మెథోట్రెక్సేట్, ఎసిట్రెటిన్, ఇంటర్‌ఫెరాన్ లాంటివి ఉన్నాయి. మెథోట్రెక్సేట్ రాస్తే ఒక మాట కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అతికించండి: వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఈ మందు బయటకు పోయేది కిడ్నీల ద్వారా. మీది రాజాం వైపు, కానీ ఇది చదివే, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఈ మాత్ర ముట్టుకోవద్దు. మీది ఏ ఊరో డాక్టరుకు ముందే చెప్పండి. ఒళ్లునొప్పులకు షాపులో కొనే నొప్పి మాత్రలు దీంతో కలిస్తే ఇంకా ప్రమాదం.

బావగారి కీమో దగ్గరికి వద్దాం. ఆయన ప్రేమతోనే అంటున్నారు. ఈ ప్రశ్నను అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో సూటిగానే పరీక్షించారు. 103 మంది రోగుల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మొదటినుంచే ఒళ్లంతా ఎలక్ట్రాన్ రేడియేషన్, కలిపి కీమో ఇచ్చారు. రెండో జట్టుకు పైపూతలతో మొదలుపెట్టి, అవసరమైనప్పుడే వైద్యం పెంచారు. 1989లో ఫలితాలు వచ్చాయి. రెండో జట్టుకన్నా కీమో జట్టులో ఎక్కువమందికి మచ్చలు మాయమయ్యాయి, కానీ ఆయుష్షులో తేడా రాలేదు. బాధలు మాత్రం వాళ్లే ఎక్కువ పడ్డారు. అందుకే ఈ దశలో మెల్లగా నడిచే జబ్బుకు మెల్లటి వైద్యమే చేస్తాం. షుగరు, బీపీలాగా దీన్ని అదుపులో పెట్టుకుంటూ బతకడమే లెక్క. కొన్నేళ్లు తగ్గి మళ్లీ రావచ్చు, మళ్లీ అదే వైద్యం పనిచేస్తుంది కూడా. కీమో, ఎలక్ట్రాన్ రేడియేషన్, కొత్త యాంటీబాడీ మందులు గడ్డలు లేచినవాళ్లకూ, ఒళ్లంతా ఎర్రబారినవాళ్లకూ, బిళ్లల్లోకీ రక్తంలోకీ జబ్బు పాకినవాళ్లకూ.

అలాగని ఇంట్లో కూర్చోవడం కాదు. మచ్చ మీద గట్టిగా గడ్డ లేచినా, పుండు పడినా, ఒళ్లంతా ఎర్రగా వేడెక్కి చలి పుట్టినా, అరచేతులూ అరికాళ్లూ మందమై పగిలినా, మెడలోనో గజ్జల్లోనో బిళ్ల కట్టి తగ్గకపోయినా ఆ వారంలోనే చూపించాలి. చీము పట్టి జ్వరమొస్తే అదే రోజు. ముదిరిన దశలో ఈ రోగుల్ని తీసుకుపోయేది చాలాసార్లు చర్మం ద్వారా దూరిన ఇన్ఫెక్షనే. ఏమీ లేకపోయినా మూడు నాలుగు నెలలకోసారి చూపించడం మానొద్దు.

కొత్త డాక్టరు ఎవరి దగ్గరికెళ్లినా, చివరికి మోకాళ్ల నొప్పికైనా సరే, ఈ రిపోర్టు చూపించండి. సైక్లోస్పోరిన్ అనే మందు ఎగ్జిమాకూ సోరియాసిస్‌కూ బాగా పనిచేస్తుంది, ఈ జబ్బునైతే రెచ్చగొడుతుంది. రోగనిరోధక శక్తిని అణిచే ఇంజక్షన్లలో కొన్నీ అంతే. పసర్లు, నల్లజీడి పెట్టడం పూర్తిగా బంద్. నల్లజీడి కాల్చిన పుండు మానదు, కింద జబ్బు ఏమవుతోందో మాకు కనబడనివ్వదు.

అంటుతుందా? అంటదు. ఒకే కంచంలో తినొచ్చు, ఒకే దుప్పటి కప్పుకోవచ్చు, మనవల్ని ఎత్తుకోవచ్చు. తండ్రి నుంచి పిల్లలకు వచ్చే జబ్బుగా దీన్ని చూడం. చెల్లెలి సంబంధం వాళ్లు అడిగితే నిజమే చెప్పండి, నాన్నగారికి చర్మానికి వైద్యం జరుగుతోంది, అంటేదీ కాదు, వంశపారంపర్యమూ కాదని. పథ్యం లేదు. వంకాయ, గోంగూర, రొయ్యలు, ఎండు చేపలు, ఆయన ఇన్నాళ్లూ తిన్నవి తిననివ్వండి. ఐదేళ్లు మచ్చలతో బాధపడ్డ మనిషికి చప్పిడి కూడు కూడా పెట్టడం దేనికి? దురదకు చన్నీళ్ల స్నానం, స్నానమయ్యాక ఒంటిమీద తడి ఆరకముందే కొబ్బరినూనెగానీ వ్యాసలైనుగానీ రాయడం బాగా పనిచేస్తాయి.

డబ్బు విషయం. క్లోబెటసాల్ చవక. ప్రభుత్వాసుపత్రిలో కాంతి చికిత్సకు అయ్యేది ఎక్కువగా బస్సు ఛార్జీలే. ఎప్పుడైనా పెద్ద వైద్యం అవసరపడితే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యాలు ఉన్నాయి, కార్డు తీసుకుని ఆరోగ్యమిత్రను అడగండి. రెండో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్ దాకా అక్కర్లేదు. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడికెళ్లేముందు ముక్క పరీక్ష చేసిన ల్యాబు నుంచి గాజు స్లైడులూ, మైనపు బ్లాకూ అడిగి తీసుకోండి. కాగితం రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్తే మళ్లీ మొదటినుంచి కోయాల్సి వస్తుంది. స్లైడులు పగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, బ్లాకును ఎండలో, బండి డిక్కీలో వదిలేయకండి, మైనం కరుగుతుంది.